44 ఏళ్లకు ఐటీ మానేసి లెక్కల టీచర్‌గా వెళ్లాలని ఉంది, ఇలా మారినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నిజాంపేట్‌వాసి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాసింది లేదు. వయసు 44. ఐటీలో 19 ఏళ్ల సర్వీసు, ఇప్పుడున్న కంపెనీలో తొమ్మిదేళ్లు. డెలివరీ మేనేజర్‌ని. ఆఫీసు నానక్‌రామ్‌గూడ, సొంత ఫ్లాటు నిజాంపేటలో. హోమ్ లోన్ ఇంకా 17 లక్షలు ఉంది. బాబు తొమ్మిదో క్లాసు, పాప ఐదు. మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది.

ఉద్యోగంలో కష్టమేమీ లేదు. చిక్కల్లా అదే. ఒకరు చేసిన పనిని ఇంకొకరికి చెప్పడం, వాళ్లన్నది మళ్లీ వీళ్లకు చెప్పడం. రోజంతా కాల్స్‌లో మాట్లాడి ఇంటికొచ్చాక, ఇవాళ ఏం చేశారు అని పాప అడిగితే చెప్పడానికి ఒక్కటీ దొరకదు. మా అపార్ట్‌మెంట్‌లో పదో క్లాసు పిల్లలు నలుగురైదుగురు ఆదివారం పొద్దున లెక్కలు చెప్పించుకోవడానికి వస్తారు. వారం మొత్తంలో నాకు టైం తెలియకుండా గడిచేది ఆ రెండు గంటలే. బీఈడీ చేసి స్కూల్లో చేరాలని ఏడాదిగా అనుకుంటున్నాను. ఆవిడ ఒప్పుకుంది. నాన్నగారికి ఇంకా చెప్పలేదు.

మధ్యలో దారి మార్చినవాళ్లుంటే మీ అనుభవం రాయండి. మనసు చెప్పింది వినండి, ఎగిరి దూకండి లాంటి వీడియోలు చాలా చూసేశాను. అవి మాత్రం వద్దు.

ఫ్రెషర్_కష్టాలు

అన్నా, మీరు మానేస్తే ఆ సీటుకు నా రెజ్యూమె పంపండి ప్లీజ్. అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేస్తున్నా, ఒక్క కాల్ రావట్లేదు. మీకేమో ఉన్న జాబ్ బోర్ కొడుతోంది. ఏం చెప్తాం.

లెక్కల_సారు

నేను సంగారెడ్డి జిల్లాలో జడ్పీ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌ని, గణితమే. ముందు చేదు మాటలు చెప్తాను, ఏమీ అనుకోకండి.

బీఈడీ ఇప్పుడు రెండేళ్లు. దానికి ప్రవేశపరీక్ష ఎడ్‌సెట్ రాయాలి. ఇంజినీరింగ్ వాళ్లకూ అర్హత ఉంది, మార్కుల షరతు మాత్రం ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఉద్యోగం చేస్తూ పక్కన చదివేద్దాం అంటే కుదిరే కోర్సు కాదు. నిబంధన ప్రకారం క్లాసులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు కావాలి. ఆ ఇంటర్న్‌షిప్పే రెండేళ్లలో కలిపి 20 వారాలు. దూరవిద్యలో బీఈడీ అంటారేమో, అది ఇప్పటికే టీచర్లుగా ఉన్నవాళ్ల కోసం. రాకపోయినా పర్లేదు, హాజరు మేం చూసుకుంటాం అని చెప్పే కాలేజీలు మీకు కచ్చితంగా తగులుతాయి. అటు పోవద్దు. చెప్పడం నేర్చుకోవడానికే కదా మీరు వెళ్లేది.

తర్వాత టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష. 150 మార్కులకు ఓసీ అయితే 90 రావాలి, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచరు పోస్టుల పరీక్ష, దాని మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 2024లో 11,062 పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు వేరు. మీరు బీఈడీ పూర్తిచేసేసరికి 46 దాటుతారు. అంటే మీకు మిగిలేది ప్రైవేటు స్కూలే అనుకుని లెక్క వేసుకోండి. మా చుట్టుపక్కల కొత్త టీచరుకు పాతిక వేలిస్తే గొప్ప. సిటీలో పెద్ద స్కూళ్లు దానికి రెట్టింపు దాకా ఇస్తాయంటారు. మీరిప్పుడు కడుతున్న ఈఎంఐ ఎంతో మీకే తెలుసు.

ఇంకో మాట. మీ ఆదివారం పిల్లలు వాళ్లంతట వాళ్లు వచ్చినవాళ్లు. క్లాసులో నలభై మందిలో అలా వచ్చేది పదిమంది. మిగతా ముప్పైమందిని కూర్చోబెట్టడమే ఉద్యోగం.

దోసెల_మాస్టర్

సారు చెప్పిన ఆఖరి ముక్క బంగారం. నా కథ వినండి.

ఐటీ వదిలి కొండాపూర్‌లో టిఫిన్ సెంటర్ పెట్టాను. ఇంట్లో నా దోసెలకు పేరుండేది. బంధువులొస్తే పెనం దగ్గర నేనే. టీమును మేనేజ్ చేయడం విసుగొచ్చి కదా ఇటొచ్చాను. వచ్చాక ఏం చేశానో తెలుసా? మళ్లీ టీమునే మేనేజ్ చేశాను. పెనం దగ్గర మాస్టరుంటాడు, నన్ను ముట్టనివ్వడు, నాది స్లో అంటాడు. నిజమే, ఎనిమిదిన్నరకు ఆఫీసు జనం మీద పడితే ఒకేసారి ఆరు దోసెలు పోసి, మొదటిది మాడకుండా ఆరోది తిప్పాలి, ఆ చెయ్యి నాది కాదు. నా పనేంటంటే తెల్లారుజామున మూడున్నరకు లేచి బోయినపల్లి మార్కెట్‌కు పోవడం, గ్యాస్ బండ అయిపోతోందా చూడటం, మే నెలలో కొబ్బరి చట్నీ పదింటికే పులిస్తే కస్టమరు మాట పడటం. దసరాకు ఊరెళ్లిన మాస్టర్ దీపావళి దాకా రాడు. ఫోను ఎత్తడు. ఓనరు రెండో ఏడాది అద్దె పెంచాక షట్టర్ దించేశాను.

మళ్లీ ఐటీకొచ్చాను, పాత ప్యాకేజీ కన్నా తక్కువకే. బాధేం లేదు. దోసెలు ఇప్పుడు మళ్లీ ఇంట్లో పోస్తున్నాను, బాగానే వస్తున్నాయి. నేననేది ఒక్కటే: మీకు నచ్చిన ఆ రెండు గంటల చుట్టూ ఉండే మిగతా ఎనిమిది గంటల పనేంటో ముందు చూసి రండి. టీచర్ విషయంలో అదేంటో లెక్కల సారే చెప్పాలి.

లెక్కల_సారు

దిద్దడం. నాలుగు సెక్షన్లకు చెప్తే నూట అరవై నోటుబుక్కులు. ఆపైన యూనిట్ టెస్టులు, రిజిస్టర్లు, ఆన్‌లైన్‌లో ఎంట్రీలు, మధ్యాహ్న భోజనం లెక్క, ఎలక్షన్లొస్తే డ్యూటీ. ప్రైవేటులో ఎలక్షన్ డ్యూటీ ఉండదు గానీ దాని బదులు అడ్మిషన్ల సీజన్లో ఇంటింటికీ తిప్పే స్కూళ్లున్నాయి.

దిద్దడం నచ్చేవాడే ఈ ఉద్యోగంలో నిలబడతాడని నా అభిప్రాయం. బోర్డు మీద చెప్పడం ఎవరికైనా నచ్చుతుంది. ఇంత చెప్పినా (a+b)² అంటే a²+b² అని రాసే పిల్లవాడుంటాడు చూడండి, వాడి పుస్తకంలో ఎనిమిదోసారి అదే తప్పు కనపడినప్పుడు వాడి బుర్రలో ఏం జరుగుతోందా అని మీకు ఆసక్తి కలిగితే సరే. కోపమొస్తే ఆలోచించుకోండి.

ఆడిటర్_సైనిక్‌పురి

మనసు సంగతులు మీరు చూసుకోండి, నేను డబ్బు దగ్గరికొస్తాను. నిజాంపేట్‌వాసి గారూ, రాజీనామా ఇచ్చే ముందు ఇవి తెలిసుండాలి.

గ్రాట్యుటీ: ఐదేళ్లు దాటింది కాబట్టి వస్తుంది. ఆఖరి బేసిక్‌ను 15తో హెచ్చించి 26తో భాగించి, పనిచేసిన ఏళ్లతో హెచ్చించాలి. మీ బేసిక్ 90 వేలనుకుంటే తొమ్మిదేళ్లకు 4.67 లక్షలు. 20 లక్షల దాకా పన్ను లేదు.

పీఎఫ్: తీసేయకండి. ఖాతాలో ఉంటే వడ్డీ పడుతూనే ఉంటుంది. కాకపోతే ఉద్యోగం మానేశాక పడే వడ్డీకి పన్ను కట్టాలి, ఇది చాలామందికి తెలియదు. పెన్షన్ భాగం వేరే లెక్క. పదేళ్లు దాటింది కనుక దాన్ని విత్‌డ్రా చేయడానికి లేదు, స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. పెన్షన్ లెక్కకు తీసుకునే జీతానికి సీలింగ్ 15,000, దాని మీద 19 ఏళ్లకు 58వ ఏట నుంచి నెలకు 4,071 రూపాయలు. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకు సీలింగ్ 6,500 కాబట్టి అసలు చేతికొచ్చేది ఇంకా తక్కువ. ఇంకో ఏడాది ఆగి 20 నిండితే రెండేళ్లు బోనస్ కలుపుతారు, అప్పుడు అదే లెక్కన 4,714.

హెల్త్ ఇన్సూరెన్స్: అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కంపెనీ కవర్ ఆఖరి రోజుతో పోతుంది. ఉద్యోగంలో ఉండగానే సొంతంగా ఫ్యామిలీ పాలసీ తీసుకోండి. ముందునుంచే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, ఆ గడియారం ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. లేదంటే గ్రూపు పాలసీ ఇచ్చిన సంస్థలోనే వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటుంది, హెచ్‌ఆర్‌ను ఇప్పుడే అడగండి.

లోన్: ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ ముందే తీర్చితే పెనాల్టీ లేదు. శాలరీ స్లిప్ ఆగిపోయాక ఏ బ్యాంకూ మీ ముఖం చూడదు. వాయిదా కాలం పెంచుకోవాలన్నా, వేరే బ్యాంకుకు మార్చాలన్నా ఇప్పుడే.

దోసెల_మాస్టర్

ఆడిటర్ గారూ, నెలకు 643 రూపాయల కోసం ఇంకో ఏడాది కాల్స్ వినమంటారా?

ఆడిటర్_సైనిక్‌పురి

వినమనలేదు, లెక్క చెప్పాను. 58 నుంచి చచ్చేదాకా నెలనెలా వస్తుంది, ఆ తర్వాత భార్యకు సగం. వద్దనుకుంటే వదిలేయండి.

మల్కాజ్‌గిరి_అక్క

అందరూ అన్నీ అడిగారు గానీ ఆవిడ గురించి ఒక్కరూ అడగలేదు. "ఆవిడ ఒప్పుకుంది." మూడు పేరాల పోస్టులో మూడు అక్షరాలంత చోటు.

మా ఆయన ఇలాగే మానేశారు. తప్పనను. ఆయన ఇప్పుడు బాగానే ఉన్నారు, ముఖంలో తేడా తెలుస్తోంది. కానీ ఆ రెండేళ్లు పిల్లల ఫీజు టర్ము టర్ముకూ ఎక్కడినుంచి తెచ్చానో నాకు తెలుసు. పెళ్లిళ్లకు వెళ్తే "మీవారు ఇప్పుడు ఎందులో?" అని అడిగేది ఆయన్ని కాదు, నన్ను. ఆయన ఫోన్ చూసుకుంటూ పక్కకెళ్లేవారు. నేను రోజూ మౌలాలి నుంచి లింగంపల్లి దాకా ట్రైన్లో నిలబడి వెళ్లి ఉద్యోగం చేసి వచ్చాక, "ఇవాళ మనసు ఎంత ప్రశాంతంగా ఉందో" అని ఆయనంటే ఒక్కోసారి గిన్నె విసరాలనిపించేది. విసరలేదు.

తన తృప్తికి ఇంకొకరు కడుతున్న బిల్లు ఎంతో మీరొకసారి కూర్చుని ఆవిడతోనే రాయించండి.

ఫ్రెషర్_కష్టాలు

అక్కా, గిన్నె ముక్కకు నవ్వొచ్చింది, సారీ. కానీ వయసైపోయింది అనేవాళ్లకు ఒకటి: చుక్కా రామయ్య గారు రిటైరయ్యాకే కదా నల్లకుంటలో ఐఐటీ కోచింగ్ మొదలుపెట్టింది!

పాత_బ్యాంకు_మనిషి

బాబూ, రామయ్య గారి పేరు ఇలాంటి చోట అందరూ తెస్తారు. ఆయన అప్పటికే జీవితమంతా పాఠం చెప్పిన మనిషి. రిటైరయ్యాక మార్చింది గది, పని కాదు. మనం చూడాల్సింది పని మార్చినవాళ్లని.

నేను 2001లో బ్యాంకు వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నాను. అప్పుడు ప్రభుత్వ బ్యాంకుల్లో పెద్ద ఎత్తున ఇచ్చారు, సర్వీసు ఏడాదికి 60 రోజుల జీతం, లేదా మిగిలిన సర్వీసు జీతం, రెంటిలో ఏది తక్కువైతే అది. చేతిలో ఒకేసారి అంత డబ్బు చూసేసరికి వనస్థలిపురంలో మా బ్యాచ్ సగం మంది ప్లాట్ల బ్రోకర్లయిపోయారు. నేను లా ప్రవేశపరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరాను. క్లాసులో నన్ను అంకుల్ అనాలో సార్ అనాలో తెలియక పిల్లలు అసలు పిలిచేవారు కాదు.

చదువు తేలిక. తర్వాతే ఉంది. ఎల్బీ నగర్ కోర్టులో నా సీనియర్ నాకన్నా పదిహేనేళ్లు చిన్న. ఆయన వస్తే లేచి నిలబడాలి, ఫైళ్లు మోయాలి, వాయిదా అడిగే పని నాకిస్తారు, జడ్జి గారు చిరాకు పడితే ఆ చిరాకు నాది. బ్రాంచి మేనేజరుగా సంతకం పెడితే లోన్లు కదిలిన చెయ్యి, ఇక్కడ వకాల్తా మీద స్టాంపు అంటిస్తుంది. ఈ భాగం ఎవరూ చెప్పరు. జీతం తగ్గడం నెలకోసారి గుర్తొస్తుంది, హోదా తగ్గడం గంటకోసారి. మీరు స్కూల్లో చేరితే ముప్పై ఏళ్ల వైస్ ప్రిన్సిపాల్ మీ లెసన్ ప్లాన్ వెనక్కి కొడుతుంది. దానికి మనసు సిద్ధమేనా?

నాకు మాత్రం నచ్చింది. చెక్కు బౌన్సు కేసుల్లో, వినియోగదారుల కేసుల్లో బ్యాంకు వాళ్లు ఏ కాగితం ఎక్కడ దాస్తారో నాకు తెలుసు కదా. పాత ఉద్యోగం వృథా పోలేదు.

బోయినపల్లి_మేడమ్

నేనూ ఐటీయే. టెస్టింగ్. ఇప్పుడు స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. మా బోయినపల్లిలో మనోవికాస్‌నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల కోసం 1984లో పెట్టిన కేంద్ర సంస్థ. ఏళ్ల తరబడి దాని ముందునుంచే క్యాబ్‌లో వెళ్లేదాన్ని. 41వ ఏట అక్కడ స్పెషల్ బీఈడీలో చేరాను. చదువయ్యాక రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, ఆ నంబరు లేకుండా ఈ పని చేయడానికి లేదు. వీకెండ్ కోర్సు చేసి కౌన్సెలర్, థెరపిస్ట్ అని బోర్డు పెట్టేస్తున్నవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు, అందుకే చెప్తున్నాను.

పని ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. తొమ్మిదేళ్ల బాబు, చొక్కా గుండీ పెట్టుకోలేడు. గుండీ పెట్టడం అంటే మనకు ఒక్క పని. దాన్ని మేం ముక్కలు చేస్తాం: అంచు పట్టుకోవడం, గుండీని రెండు వేళ్లతో తిప్పడం, కాజాలోకి సగం దూర్చడం, అవతలి చేత్తో లాగడం. చివరి ముక్క ముందు నేర్పిస్తాం. అంటే సగం దూర్చి మేం ఆపుతాం, వాడు లాగుతాడు. గుండీ పడుతుంది. పడింది తన చేత్తోనే కనుక రేపు మళ్లీ చేయడానికి ఒప్పుకుంటాడు. అది వచ్చాక దాని ముందు ముక్క. అలా వెనక్కి వెనక్కి. ఒక్కో గుండీకి నెలలు పడుతుంది. పండగ సెలవులకు వెళ్లొచ్చాక మొదటికొస్తుంది కూడా. టెస్టింగులో స్టెప్పులు రాసిన చెయ్యి కాబట్టి ఈ ముక్కలు చేయడం నాకు త్వరగా పట్టుబడింది.

జీతం పాత దాంట్లో నాలుగో వంతు కూడా లేదు. నేను మారగలిగింది మా వారి జీతం ఉండబట్టి, అత్తగారు ఇల్లు చూసుకోబట్టి. దాన్ని నా ధైర్యం ఖాతాలో వేసుకోను. ఇంకో సంగతి, తృప్తి రోజూ ఉండదు. తల్లిదండ్రులు అరుస్తారు, రిపోర్టులు రాయాలి, కొన్నిరోజులు ఏడుపొస్తుంది. కానీ ఇవాళ ఏం చేశావు అని అడిగితే చెప్పడానికి ఉంటుంది. మీ పోస్టులో ఆ లైన్ చదివే రాస్తున్నాను.

కేపీహెచ్‌బీ_బ్రో

ఇంత కష్టం ఎందుకు బ్రో. బీటెక్ ఉంది కదా, ఏదైనా కార్పొరేట్ కాలేజీలో ఫౌండేషన్ బ్యాచ్‌లకు లెక్కలు చెప్పండి. బీఈడీ అడగరు, జీతం స్కూలు కన్నా చాలా ఎక్కువ.

లెక్కల_సారు

ఎక్కువే. పొద్దున ఆరింటికి మొదలైతే రాత్రి స్టడీ అవర్ దాకా. వారం వారం టెస్టుల ర్యాంకులు గోడ మీద అంటించి, తగ్గితే లెక్చరర్‌ని పిలుస్తారు. ఆయన వదిలించుకోవాలనుకుంటున్నదే అది కదా.

నిజాంపేట్‌వాసి

నేను వాళ్ల ఆవిడని, ఆయన ఫోన్‌లోంచే రాస్తున్నాను. ఇది చదవమని ఆయనే ఇచ్చారు. మల్కాజ్‌గిరి అక్కా, థాంక్స్.

నేనన్నది "మీ ఇష్టం" అని. ఆయన టీచర్ అవడం నాకిష్టమే, ఆదివారం పిల్లలొచ్చినప్పుడు ఆయన గొంతే వేరుగా ఉంటుంది. నా భయాలు రెండు. బాబు ఇంటర్ ఫీజు, పాప పదో క్లాసు దాకా ఫీజు విడిగా ఎఫ్‌డీ వేసి, దాని జోలికి వెళ్లకూడదు. రెండు, తగ్గిన జీతాన్ని నేను ఉద్యోగానికెళ్లి పూడుస్తానని ఆయన లెక్కలో రాసుకున్నారు. కాగితం చూశాను. పాప పుట్టినప్పుడు మానేసినదాన్ని, ఇన్నేళ్ల తర్వాత నన్నెవరు తీసుకుంటారు, ఏ పనికి? నాకు ఏం చేయాలనుందో కూడా అడిగి ఆ కాగితం మళ్లీ రాయమన్నాను. ఇక ఫోన్ ఆయనకిచ్చేస్తున్నా.

మల్కాజ్‌గిరి_అక్క

అదీ. మీరొక అకౌంట్ తెరవండి చెల్లీ.

నిజాంపేట్‌వాసి

ఈసారి నేనే. కాగితం మళ్లీ రాస్తున్నాం, ఇద్దరం కూర్చుని. ఎఫ్‌డీ వేసి, లోన్ తీర్చాకే రాజీనామా అని అనుకున్నాం. దానికి సుమారు ఏడాదిన్నర పడుతుంది. ఈలోపు బ్యాంకు మనిషి గారు అడిగిన ప్రశ్నకు జవాబు కావాలి నాకు. లెక్కల సారూ, మీ బడిలో ఊరికే వచ్చి కొన్నాళ్లు చెప్పనిస్తారా? శనివారాలు నాకు సెలవు.

లెక్కల_సారు

హెడ్మాస్టర్ గారిని అడిగాను. పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసులు నడుస్తున్నాయి, శనివారం మీరు తీసుకోవచ్చన్నారు. ఆధార్ జిరాక్స్, ఒక దరఖాస్తు తేవాలి. త్రికోణమితి మీకే ఇస్తాను. తొందరపడి సూత్రాలు రాయకండి, ముందు లంబకోణ త్రిభుజంలో ఎదుటి భుజం ఏదో అందరితో చూపించండి, కోణం మార్చి మళ్లీ అడగండి. అక్కడే సగం మంది జారిపోతారు. గొంతు పెద్దది చేసుకోవాలి, ఆ గది ఫ్యాన్ చప్పుడు ఎక్కువ. షరతు ఒకటి: క్లాసయ్యాక నోటుబుక్కులు మీరే దిద్దాలి, అన్నీ.

నిజాంపేట్‌వాసి

సరే సార్, దిద్దుతాను. ఈ శనివారమే వస్తాను.

ఆడిటర్_సైనిక్‌పురి

హెల్త్ పాలసీ సంగతి ఏమైంది?

నిజాంపేట్‌వాసి

ఫారం నింపుతున్నాను సార్. నాకు బీపీ ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. అది రాస్తే ప్రీమియం పెరుగుతుంది, రాయొద్దంటున్నాడు ఏజెంట్.

ఆడిటర్_సైనిక్‌పురి

రాయండి. ఎప్పటినుంచి, ఏ మాత్ర, అన్నీ. దాచిపెడితే రేపు గుండె సమస్యతో చేరినప్పుడు వాళ్లు మొదట తీసేది ఈ ఫారమే. ఐదేళ్లు కట్టాక క్లెయిమ్‌ను ప్రశ్నించకూడదనే నిబంధన ఉంది గానీ, మోసం అని తేలితే అదీ వర్తించదు. ఆ ఏజెంట్‌ను మార్చండి. ఆవిడ పేరు, పిల్లల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో కూడా ఒకసారి చూసుకోండి.